భయం పలక

"పదిహేడు" అంది కారు.

వకుళ పళ్ళు కొరుక్కుంది. ఎదురుగా, బాగా దూరంలో, ఒక గేదె కాలవగట్టు మీద నిలబడి రోడ్డు దాటాలా వద్దా అని ఆలోచిస్తోంది. దానికింకా ఏ నిర్ణయమూ కుదరలేదు. వకుళ అప్పటికే వేగం ముప్ఫై నుంచి ఇరవైకి తగ్గించింది. అయినా సరే, ఎడమ సీట్లో కూర్చున్న వాళ్ళ నాన్న నాంచారయ్య కుడిపాదం, లేని బ్రేకుని తొక్కేసింది. తొక్కగానే ఆయన కాళ్ళ కింద పలక కీచుమంది. డాష్‌బోర్డు మీద అంకె మారింది.

"అది ఇంకా గట్టు మీదే ఉంది నాన్నా."

"గట్టు మీదున్నదే దిగుద్ది. దిగేసినదాన్ని చూసి భయపడేదేముంది?"

"ముప్ఫై ఎనిమిదేళ్ళు లారీ తోలిన మనిషివి. నేను బ్రేకు మీద కాలు పెట్టానో లేదో నీకు తెలీదా?"

"నేను చూశానే. నా కాలు చూళ్ళేదు" అన్నాడు నాంచారయ్య, ఆ కాలు తనది కానట్టు, పక్కింటివాళ్ళది అయినట్టు.

గేదె చివరికి దాటకూడదనే నిర్ణయించుకుంది. పదిహేడు మాత్రం పదిహేడుగానే ఉండిపోయింది.

ఇది రోడ్లకి గీతలు వచ్చిన తరవాతి సంగతి. తారులో కలిపి పరిచిన అయస్కాంతపు గీత వెంట బండ్లన్నీ వాటంతటవే పోతాయి. బెజవాడ నుంచి నూజివీడు దాకా స్టీరింగు ముట్టుకునే అవసరం ఎవరికీ లేదు. కానీ మన దేశంలో ఏదీ ఊరి చివరిదాకా రాదు కదా, గీత కూడా అంతే. డొంకలూ, కాలవగట్లూ, చేల మధ్య దారులూ గీత లేకుండానే మిగిలిపోయాయి. అక్కడ మనిషి చెయ్యే కావాలి. ఆ చెయ్యేమో జనానికి అలవాటు తప్పిపోయింది. అందుకని లైసెన్సుని ఒక్కసారిగా చేతిలో పెట్టడం మానేసి, మెట్లుగా విడగొట్టారు.

మొదటి మెట్టులో ముందూ వెనకా ఎల్ బోర్డు కట్టుకోవాలి, పగటిపూటే తిరగాలి, ముప్ఫై దాటకూడదు, పక్కన పూర్తి లైసెన్సున్న తోడు మనిషి తప్పకుండా ఉండాలి. రెండో మెట్టులో పక్కన ఎవరూ ఉండకూడదు. మాటల్లో పడి కొత్త డ్రైవర్లు గుద్దేస్తున్నారని లెక్కలు తేల్చాయట. ఒంటరిగా వెళ్ళి, చీకటి పడేలోపు ఒంటరిగా రావాలి. మూడో మెట్టు ఎక్కితే ఎవరినైనా ఎక్కించుకోవచ్చు, ఎప్పుడైనా తిరగొచ్చు. ఆ పైన మళ్ళీ తరగతులు: చిన్నబండ్లు, సరుకు బండ్లు, లారీలు. నాంచారయ్య దగ్గర లారీల తరగతి ఉంది. ఆ కార్డుని ఆయన ఇప్పటికీ చొక్కా జేబులోనే పెట్టుకుంటాడు, బయటికి వెళ్ళకపోయినా.

మొదటి మెట్టు నుంచి రెండోదానికి ఎప్పుడు ఎక్కించాలి? అదే చిక్కు. పరీక్ష పెట్టే అధికారి అరగంట చూస్తాడు. అరగంటసేపు ఎవరైనా బుద్ధిగానే నడుపుతారు. పక్క సీటు మనిషి నెలల తరబడి చూస్తాడు గానీ, అడిగితే మొహమాటానికి "బాగానే తోలుతున్నాడండీ" అంటాడు. ఈ చిక్కుముడిని డాక్టర్ వేదవల్లి అనే శాస్త్రవేత్త విప్పింది. ఆవిడ జన్మలో స్టీరింగు పట్టుకోలేదు. ఎప్పుడూ పక్క సీట్లోనే కూర్చుంది, మొదట అన్నగారి పక్కన, తరవాత భర్తగారి పక్కన. నోటికి మొహమాటం ఉంటుంది, కంటికీ కొంత ఉంటుంది, పాదానికి మాత్రం ఉండదని ఆవిడకి అక్కడ కూర్చునే తెలిసింది. నడిపేవాడి మీద నమ్మకం చాలకపోతే పక్కవాడి పాదం దానంతటదే నేలని తొక్కుతుంది. ఆ నేల మీద ఒక పలక పరిచి, తొక్కుళ్ళు లెక్కపెట్టించింది. వరసగా మూడొందల కిలోమీటర్లు పలక ఒక్కసారి కూడా కీచుమనకపోతే రెండో మెట్టు. దానికి పెద్ద శాస్త్రీయ నామమే ఉంది. జనం మాత్రం భయం పలక అన్నారు.

వకుళ పశువుల ఆసుపత్రిలో సహాయకురాలు. ముప్ఫై ఒక్కేళ్ళ మనిషి. ఆసుపత్రి వ్యాను గీత వెంట తనంతట తాను వెళ్ళి, గీత అయిపోయిన చోట మర్యాదగా ఆగిపోతుంది. పోయిన వానాకాలం వెలగలపల్లిలో ఒక గేదెకి దూడ అడ్డం తిరిగింది. వ్యాను ఊరికి రెండు కిలోమీటర్ల ఇవతల ఆగింది. వకుళ పెట్టె నెత్తిన పెట్టుకుని బురదలో నడిచి వెళ్ళేసరికి గేదె కళ్ళు తేలేసి ఉంది. గేదె గలామె చెయ్యి కడుక్కోడానికి నీళ్ళు మాత్రం పోసింది. ఆ నీళ్ళు వకుళకి ఇప్పటికీ గుర్తే. రెండో మెట్టు ఎక్కితే ఆ వ్యాను ఆమె చేతికిస్తారు. ఆ మెట్టులో మనుషుల్ని ఎక్కించుకోకూడదని ఉంది గానీ, గేదెల గురించి నిబంధనల్లో ఏమీ లేదు.

మొదటి మెట్టు కాగితానికి ఏడాదే గడువు. దాటితే మళ్ళీ రెండేళ్ళు ఆగాలి. వకుళకి అప్పటికి ఏడు నెలలు అయిపోయాయి.

తోడు మనిషి పేరు రాసేటప్పుడు ఆఫీసు గుమాస్తా మంచిమాటగానే చెప్పాడు. "అయినవాళ్ళని పెట్టకండమ్మా. ఎవరైనా పరాయివాణ్ణి పెట్టండి, రెండు నెలల్లో అయిపోద్ది. ఒకసారి రాశాక మార్చడానికి ఉండదు." వకుళ విని కూడా నాన్న పేరే రాసింది.

ఎందుకంటే ఆమెకి వ్యాను కంటే ముందునుంచీ ఒక కోరిక ఉంది. చిన్నప్పుడు నాంచారయ్య పది పదిహేను రోజులకొకసారి ఇంటికొచ్చి, లారీని వీధి మొదట్లో ఆపేవాడు. వకుళ ఎక్కి స్టీరింగు ముందు కూర్చుని నోటితో ఇంజను చప్పుడు చేసేది. ఆయన పక్కనే కూర్చుని హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి వేసి ఉంచేవాడు. "బండి ఆగే ఉంది కదా నాన్నా" అంటే, "ఆగిన బండే కదిలిద్ది" అనేవాడు. లారీ డ్రైవర్లు ఎదుటివాడి డ్రైవింగుని నోటితో పొగడరు. వాడి చేతికి బండి ఇచ్చి, పక్క సీట్లో తలుపుకి తల ఆనించి నిద్రపోతారు. అంతకు మించిన సర్టిఫికెట్ ఆ వృత్తిలో లేదు. నాన్న తన పక్కన ఒక్కసారి అలా కునుకు తీయాలి. అంతే వకుళ కోరిక. చెప్పుకోడానికి సిగ్గుపడేంత చిన్నది, అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఆ పదిహేడు తరవాత ఆమెకి ఓపిక నశించింది. నాన్నని వెంటబెట్టుకుని బెజవాడలో లైసెన్సు కేంద్రానికి వెళ్ళింది. డాక్టర్ వేదవల్లి అక్కడే ఉంటుంది. సన్నగా, ముతక చీరలో, కళ్ళజోడు తలమీదికి తోసుకుని ఉంది. కాగితాలు చూసి వకుళని జాలిగా చూసింది.

"మీరు బ్రేకు వేసే సమయాలన్నీ బాగున్నాయమ్మా. చెప్పాలంటే చాలా బాగున్నాయి."

"మరి పలక ఎందుకు ఒప్పుకోదు మేడం?"

"పలక మీ చేతుల్ని చూడదు. ఆయన పాదాన్ని చూస్తుంది. కన్నవాళ్ళని తోడుగా ఒప్పుకోకూడదని నేను నిబంధనల్లో రాయాలనుకున్నాను. ఇంటి మనుషులే కదా, వాళ్ళకంటే నిజం ఎవరు చెప్తారని పైవాళ్ళు కొట్టేశారు."

"ఇప్పుడు మార్చడానికి వీల్లేదా?"

"వీల్లేదు. గడువు అయిపోనిచ్చి, రెండేళ్ళ తరవాత కొత్త పేరుతో రండి."

వకుళ నాన్న వైపు చూసింది. కోపం తెచ్చుకుందామనుకుంది గానీ కళ్ళలో నీళ్ళొచ్చాయి. "నా మీద నీకంత నమ్మకం లేదా నాన్నా? దారిన పోయేవాడికున్నంత కూడా లేదా?"

నాంచారయ్య జేబులో కార్డుని ఒకసారి తడుముకుని, వేదవల్లి వైపు తిరిగాడు.

"మేడంగారూ, పాదానికి నేర్పొచ్చాండీ?"

"ఏమని?"

"ఊరికే ఉండమని."

వేదవల్లి నవ్వింది. "నలభై ఏళ్ళ అలవాటండీ. కన్ను చూడగానే పాదం కదులుతుంది. మధ్యలో మీరు లేరు. అది మిమ్మల్ని అడిగి చెయ్యదు."

"అట్టాగా" అన్నాడు నాంచారయ్య.

ఆ వారం నుంచి ఇంట్లో నేల తడిగా ఉండటం మొదలయింది. వకుళ తల్లి మాణిక్యమ్మ గుడ్డ పట్టుకుని విసుక్కుంటూ తిరిగేది. మధ్యాహ్నాలు నాంచారయ్య కుర్చీలో కూర్చుని, గోడమీది తెరలో రోడ్ల వీడియోలు పెట్టుకునేవాడు. లారీల ముందు కెమెరాలు తీసినవి, ఎక్కడెక్కడివో. కుడిపాదం మీద స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పెట్టుకునేవాడు. తెరలో కుక్క అడ్డం వచ్చేది, ఇంట్లో గ్లాసు పడేది.

"ఏందయ్యా ఈ అఘాయిత్యం?" అని మాణిక్యమ్మ అడిగితే, "మోకాలి నొప్పికి డాక్టరు చెప్పాడు" అనేవాడు. వకుళ కూడా అదే నమ్మింది. నమ్మకేం చేస్తుంది, ఉదయం వెళ్ళి సాయంత్రం వచ్చే మనిషి.

పదిహేడు పన్నెండయింది. పన్నెండు ఎనిమిదయింది. తొమ్మిదో నెలలో ఒక ఆదివారం నూజివీడు దాకా గీత లేని డొంకల వెంటే వెళ్ళివస్తే మూడే. వకుళకి తన డ్రైవింగే మెరుగుపడుతోందనిపించింది. ఇంటికొచ్చి అద్దంలో తన చేతులు చూసుకుంది. పదో నెల వచ్చేసరికి ఇంట్లో నేల పొడిగా ఉండసాగింది, కారులో పలక నోరు మూసుకుంది. యాభై కిలోమీటర్లు, నూట ఇరవై, రెండొందల పది.

రెండొందల తొంభై దగ్గర, పక్క డొంకలోంచి ట్రాక్టరు ఒకటి చూడకుండా రోడ్డెక్కింది. వకుళ బ్రేకు తొక్కి పట్టింది. కారు ట్రాక్టరు చక్రానికి మూరెడు దూరంలో ఆగింది. వకుళ మొట్టమొదట పలక అంకె చూసింది. సున్నా.

ఆ క్షణంలో ఆమె అంకెని కాకుండా నాన్న మొహాన్ని చూసి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. ఆయన చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. తలుపు మీది పిడిని పట్టుకున్న వేళ్ళు తెల్లబడిపోయాయి. పాదం మాత్రం, పెట్టినచోట పెట్టినట్టే ఉంది.

"భయం వెయ్యలేదా నాన్నా?"

"బండి నీ చేతిలో ఉంటే నాకు భయమెందుకే?" అన్నాడు నాంచారయ్య.

ముప్ఫై ఒక్కేళ్ళు ఎదురుచూసిన మాట. ఆయన కునుకు తీయలేదు, నిజమే. కానీ ఈ మాట చాలనుకుంది వకుళ. మిగిలిన పది కిలోమీటర్లూ ఆమె కళ్ళు మసకబారుతూనే ఉన్నాయి, తుడుచుకుంటూ నడిపింది. అప్పుడు కూడా పలక కీచుమనలేదు.

రెండో మెట్టు వచ్చింది. వ్యాను వచ్చింది. గీత ఆగిపోయిన చోట వ్యాను ఆగి, "ఇక మీ ఇష్టం" అన్నట్టు స్టీరింగు ఆమెకి వదిలేస్తే, వకుళ మొదటిసారి ఆ డొంకలో బండిని దింపింది. వెలగలపల్లిలో అదే ఇంట్లో ఇంకో గేదె. తెరలో డాక్టరుగారు చెప్తుంటే మోచేతిదాకా చెయ్యి పెట్టి దూడని తిప్పింది. గేదె గలామె ఈసారి కూడా చెయ్యి కడుక్కోడానికి నీళ్ళే పోసింది, పోస్తూ "నాయన తోలడం నేర్పాడా అమ్మా?" అంది. వకుళ అవునంది. పక్క సీటు ఖాళీగా ఉంది. నిబంధన ప్రకారం ఉండాల్సిందే అయినా, వచ్చేటప్పుడు దారిపొడుగునా ఆ ఖాళీ సీటు వంక చూస్తూనే వచ్చింది. ఇంకో ఆరు నెలలు, మూడో మెట్టు రాగానే ఆ సీట్లో నాన్నని కూర్చోబెట్టాలి. అప్పుడు తప్పకుండా నిద్రపోతాడు.

మూడో మెట్టు వచ్చిన నెలలోనే నాంచారయ్య లైసెన్సు తనిఖీకి పిలుపొచ్చింది. అరవై ఐదు దాటినవాళ్ళకి అది ఏటేటా ఉండేదే. కేంద్రం వెనక మైదానంలో చిన్న కారు ఇచ్చి, అట్టతో చేసిన దూడని అడ్డంగా తోస్తారు. నాంచారయ్య నిరుడు ఆ దూడ ముందు బారెడు దూరంలో ఆపి, దానికి దణ్ణం పెట్టి మరీ వచ్చాడు. ఈసారి దూడ వచ్చింది. ఆయన చూశాడు. చూస్తూనే ఉన్నాడు. కారు దూడ మీదుగా వెళ్ళి అవతల ఆగింది, అది కూడా కేంద్రం మనిషి బయటినుంచి మీట నొక్కి ఆపితే.

మళ్ళీ తోశారు, మళ్ళీ అంతే. మూడోసారి నాంచారయ్య తనే కారు దిగి, నలిగిన అట్టముక్కలు ఏరి పక్కన పెట్టాడు.

వేదవల్లికి అంతుపట్టలేదు. కళ్ళు బాగున్నాయి, నరాలు బాగున్నాయి. "ఈ మధ్య కాలికేమన్నా అయిందా?" అని అడిగితే, వకుళతో పాటు వెంట వచ్చిన మాణిక్యమ్మ ఆదుర్దాలో ఉన్నదంతా చెప్పేసింది. "కాలికేం కాలేదమ్మా. మోకాలి నొప్పని మూడు నెలలు పాదం మీద నీళ్ళగ్లాసు పెట్టుకుని రోడ్డు బొమ్మలు చూశాడు. అప్పుడన్నా ఏమీ కాలేదు, ఇల్లంతా తడి అయింది గానీ."

వేదవల్లి తలమీది కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"కుదరదని చెప్పాను కదండీ" అంది మెల్లగా.

"మీరన్నారు. మూడు నెలలు పట్టింది" అన్నాడు నాంచారయ్య.

"పక్క సీట్లో ఉన్నప్పుడు ఊరుకోమని నేర్పానని మీరనుకున్నారు. పాదానికి సీట్లు తెలీవు. ఏ సీట్లో కూర్చున్నా అదే పాదం."

వకుళకి ట్రాక్టరు గుర్తొచ్చింది. తెల్లబడిన వేళ్ళు, అప్పుడు చూడనివి, ఇప్పుడు కనపడ్డాయి. "ఎందుకు నాన్నా?" అంది.

"నమ్మకం లేదా అని ఏడ్చావు కదే. నమ్మకం ఎప్పుడూ ఉంది. కాలు వినకపోతే నేనేం చేసేది?"

లారీల తరగతి కార్డు వెనక్కి తీసుకున్నారు. ఆయన జేబులోంచి తీసి ఇచ్చేటప్పుడు కార్డు అంచులు చెమటకి మెత్తబడి ఉన్నాయి. బదులుగా మొదటి మెట్టు కాగితం ఇచ్చారు. పెద్దవాళ్ళకి దాన్ని ఎన్నేళ్ళయినా పొడిగిస్తారు, అదొక్కటే దయ. తోడు మనిషి పేరు దగ్గర గుమాస్తా ఆగి, వకుళ వైపు చూసి, ఈసారి మంచిమాట ఏమీ చెప్పకుండా ఆమె పేరే రాశాడు.

అప్పట్నుంచి ఆదివారాలు నాంచారయ్య నడుపుతాడు, ఎల్ బోర్డు కట్టుకుని, ముప్ఫై దాటకుండా. వకుళ ఎడమ సీట్లో కూర్చుంటుంది. మొదటి ఆదివారమే పలక ఇరవై ఆరు లెక్కపెట్టింది. గట్టు మీద గేదె కనపడితే చాలు, ఆమె కాలు ఆమెని అడక్కుండానే తొక్కేసేది. కారుకి ఏమీ కాలేదు. ప్రతిసారీ సమయానికే ఆగింది.

ఆ సంగతి వేదవల్లినే ఆశ్చర్యపరిచింది. రెండు నెలల లెక్కలు ముందేసుకుని వకుళని పిలిపించింది.

"మీ నాన్నగారి పాదం రోడ్డుని చూసి కదలడం లేదమ్మా. మీరు తొక్కుతున్నారు, పలక కీచుమంటోంది, ఆ చప్పుడుకి ఆయన బ్రేకు వేస్తున్నారు. నెలల తరబడి తన పాదం తొక్కిన ప్రతిసారీ ఆ కూత విన్నారు కదా. చూపుకి పాదానికి మధ్య తీగ తెగింది గానీ, కూతకి పాదానికి మధ్యది మిగిలింది."

"మళ్ళీ మామూలుగా అవుతుందా?"

"తెలీదు. మీరు తొక్కడం మానేస్తే ఆయన రెండో మెట్టు ఎక్కుతారు. పలక లెక్క ప్రకారం."

"ఎక్కితే?"

"ఎక్కితే పక్కన ఎవరూ ఉండకూడదు" అంది వేదవల్లి. తను రాసిన నిబంధనే. ఫైలు మూసి చాలాసేపు దాని అట్టనే చూస్తూ కూర్చుంది.

వకుళ ఇంట్లో ఎవరికీ ఈ మాట చెప్పలేదు.

ఆ ఆదివారం వెలగలపల్లి వైపు వెళ్ళారు. గీత అయిపోయిన చోట నాంచారయ్య స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని బండిని డొంకలోకి దింపాడు. పాత లారీ డ్రైవరు మొహం ఆయనకి తిరిగొచ్చింది. మెల్లగా ఏదో కూనిరాగం కూడా తీశాడు.

"వారమంతా తిరుగుతావు. కాసేపు కునుకు తియ్యవే, నేను తోలతాగా" అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. ఊరికే అన్నట్టే అన్నాడు గానీ, గొంతులో ఎంత ఆశ ఉందో వకుళకి తెలుసు. ఆ ఆశతో ఆమె ముప్ఫై ఏళ్ళు బతికింది.

వకుళ తలుపుకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. పూర్తిగా కాదు, రెప్పల మధ్య సన్నని సందు వదిలింది. ఆ సందులోంచి డొంక, తుమ్మచెట్లు, దుమ్ము. కొంత దూరంలో నిజం దూడ ఒకటి తల్లిని వెతుక్కుంటూ గట్టు దిగింది.

పలక కీచుమంది. నాంచారయ్య పాదం బ్రేకు మీదికి వెళ్ళింది. కారు ఆగింది. దూడ వీళ్ళిద్దర్నీ కాసేపు చూసి, తోక ఆడించుకుంటూ వెళ్ళిపోయింది.

"పద్దెనిమిది" అంది కారు.

నాంచారయ్య కూతురి వైపు తిరిగి చూశాడు. ఆమె కళ్ళు మూసే ఉన్నాయి.

"పడుకున్నావా అమ్మా?"

"ఊఁ."

"పడుకో, పడుకో" అని సంబరంగా నవ్వి, ఆయన మళ్ళీ బండి కదిలించాడు. వకుళ కదలకుండా అలాగే ఉంది, కుడిపాదాన్ని మాత్రం పలక మీద ఇంకాస్త ముందుకి జరుపుకుంది.